మెస్సులో ఖాళీ కంచం: తిండికీ కుంగుబాటుకీ మధ్య పడిన ముడి

అనంతపురం హాస్టళ్లలో ఒక కుర్రవాడు రెండు రోజులు వరుసగా మెస్సుకు రాకపోతే గదిలోని తోటివాళ్లు చెప్పే కారణం తరచుగా ఒకే మాటలో ఉంటుంది: "వానికి బేజారంట". విసుగు, దిగులు, అలసట, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, పుస్తకం తెరిచినా అక్షరం తలకెక్కకపోవడం, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. వైద్యులు కుంగుబాటు లక్షణాలుగా లెక్కించేవాటిలో దాదాపు సగం ఆ మాటలో ముందునుంచే ఉన్నాయని గమనిస్తే మన సీమ యాస మీద గౌరవం కలుగుతుంది. అయితే ఆ కుర్రవాడు బేజారుగా ఉండి తిండి మానేశాడా, సరైన తిండి లేక బేజారయ్యాడా అన్న ప్రశ్నకు మాత్రం ఆ మాట జవాబు చెప్పదు. ఈ మధ్య పత్రికలలోనూ వీడియోలలోనూ "ఇవి తింటే డిప్రెషన్ దూరం" అన్న ధోరణిలో వస్తున్న సలహాలు ఈ ప్రశ్నను అడగకుండానే దాటిపోతున్నాయి.

విద్యార్థుల విషయంలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువుంది. 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2006లో కడపలో వచ్చిన యోగి వేమన, 2008లో కర్నూలులో వచ్చిన రాయలసీమ విశ్వవిద్యాలయం, అనంతపురంలోని జేఎన్‌టీయూ, 2018లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం, వీటి హాస్టళ్లలోనూ చుట్టుపక్కల అద్దె గదులలోనూ ఉంటున్నవారిలో తమ ఇంట్లో మొట్టమొదటగా కాలేజీ మెట్లెక్కినవారు చాలామంది ఉంటారు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో అమ్మ వడ్డించే కంచం నుంచి గంట కొడితే వరుసలో నిలబడాల్సిన కంచానికి మారడం, అదే సమయంలో చదువు, భాష, అప్పు, భవిష్యత్తు అన్నీ ఒక్కసారిగా మీద పడడం జరుగుతాయి. తిండి మారిన కాలమూ మనసు తడబడే కాలమూ ఒకటే కావడం వల్ల ఏది దేనికి కారణమో విడదీయడం కష్టమవుతుంది.

ముందుగా కొలత సంగతి చూడాలి, ఎందుకంటే గందరగోళంలో మంచి భాగం అక్కడే పుడుతోంది. విద్యార్థులలో కుంగుబాటు లక్షణాలను అంచనా వేయడానికి ప్రపంచమంతటా విరివిగా వాడుతున్నది పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక. గత రెండు వారాలలో ఒక్కొక్క ఇబ్బంది ఎన్ని రోజులు కలిగిందో చెప్పమని అడిగి, ప్రతి జవాబుకూ 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు, మొత్తం 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఒక మోస్తరు లేదా తీవ్రమైన కుంగుబాటు ఉండవచ్చునని అనుమానించి వైద్యుని పరీక్షకు పంపాలన్నది వాడుక. ఈ తొమ్మిదింటిలో ఒక ప్రశ్న నేరుగా తిండి గురించే: ఆకలి మందగించడం, లేదా అతిగా తినడం. మరొకటి నీరసం గురించి, ఇంకొకటి నిద్ర గురించి, వేరొకటి ఏకాగ్రత గురించి.

ఇప్పుడు రక్తహీనత ఉన్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఉదయం తొమ్మిది గంటల క్లాసు కోసం టిఫిన్ మానేస్తుంది, మధ్యాహ్నం అన్నం, నీళ్ల సాంబారు తింటుంది, రాత్రి పన్నెండు దాటేవరకు టీ తాగుతూ చదువుతుంది. ఆమెకు దిగులు ఏమాత్రం లేకపోయినా ఆకలి, నీరసం, నిద్ర, ఏకాగ్రత అన్న నాలుగు ప్రశ్నలకూ పూర్తి మార్కులు పడితే మొత్తం 12 అవుతుంది. అంటే గీత దాటిపోయినట్టే. జాగ్రత్తగల వైద్యుడు ఇక్కడ ఆగుతాడు. ఆసక్తి సన్నగిల్లడం, మనసు కుంగిపోవడం అనే మొదటి రెండు ప్రశ్నలలో ఒక్కటైనా బలంగా లేనిదే దాన్ని కుంగుబాటు వ్యాధి అనడానికి ఒప్పుకోడు. కానీ వందలమందికి కాగితాలు పంచి, మొత్తాలు మాత్రమే లెక్కగట్టే సర్వేలలో ఈ తేడా కనిపించకుండా పోయే అవకాశం ఎక్కువ. "సరిగా తినని విద్యార్థులలో కుంగుబాటు ఎక్కువ" అన్న ఫలితం వచ్చినప్పుడు, తిండి ఆ సంబంధంలో ఒక వైపే కాక కొలతబద్ద లోపల కూడా కూర్చుని ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

కొలత సరిగ్గా ఉందనుకున్నా ఇంకో చిక్కుంది. ఒకే రోజున తిండినీ మనసునూ కలిపి అడిగే సర్వే ఏదైనా మూడు వేర్వేరు కథలకు ఒకే విధంగా సరిపోతుంది. తిండి చెడి మనసు చెడి ఉండవచ్చు. మనసు చెడి తిండి చెడి ఉండవచ్చు. లేదా రెండింటినీ చెడగొట్టిన మూడోది, అంటే డబ్బు కొరత, నిద్రలేమి, ఒంటరితనం, వెనుక ఉండి ఉండవచ్చు. ఉదయం టిఫిన్ మానేసేవారిలో దిగులు ఎక్కువని అనేక దేశాల సర్వేలు చూపాయి. నిజమే. కానీ రాత్రంతా నిద్రపట్టక తెల్లవారుజామున కన్ను మూసిన వ్యక్తి టిఫిన్ వేళకు లేవలేడు. అతని విషయంలో ఉప్మాను దోషిగా నిలబెట్టలేము (మన మెస్సుల ఉప్మా మీద ఎన్ని ఇతర నేరాలైనా మోపవచ్చు).

ఈ చిక్కు విప్పడానికి పరిశోధకులు రెండు దారులు పట్టారు. ఒకటి, ముందు తిండిని నమోదు చేసి, కొన్నేళ్లు ఆగి మనసును పరీక్షించడం. లండన్‌లోని ప్రభుత్వ ఉద్యోగులపై జరిగిన వైట్‌హాల్ అధ్యయనంలో 3,486 మందిని ఇలా చూశారు. కూరగాయలు, పండ్లు, చేపలు ఎక్కువగా తిన్నవారితో పోలిస్తే తీపి వంటకాలు, వేపుళ్లు, ప్రాసెస్ చేసిన మాంసం ఎక్కువగా తిన్నవారిలో ఐదేళ్ల తరువాత కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనిపించాయని 2009లో ప్రకటించారు. అదే సంవత్సరం స్పెయిన్‌లో విశ్వవిద్యాలయ పట్టభద్రులు పదివేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం మధ్యధరా ప్రాంతపు సంప్రదాయ ఆహారం తినేవారిలో కుంగుబాటు ముప్పు తక్కువని చూపింది. కాలక్రమం తెలుస్తుంది గనుక వీటి మాటకు ఒకరోజు సర్వేల కంటే విలువ ఎక్కువ. అయినా మంచి తిండి తినగలిగే వ్యక్తికి మంచి తిండితో పాటు ఇంకా ఏమేమి ఉన్నాయన్న సందేహం పూర్తిగా తీరదు.

రెండో దారి, మనుషులను చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపు తిండిని మాత్రమే మార్చి చూడడం. ఇందులో పేరు పడినది 2017లో ప్రచురితమైన ఆస్ట్రేలియా ప్రయోగం, స్మైల్స్. ఫెలీస్ జాకా బృందం కుంగుబాటు వ్యాధి నిర్ధారణ అయిన 67 మందిని తీసుకుంది. వారంతా అప్పటిదాకా నాసిరకం తిండి తింటున్నవారే. ఒక గుంపును పన్నెండు వారాల పాటు పోషకాహార నిపుణులు కలిసి ముడిధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలు, చేపలు, ఆలివ్ నూనె వైపు మళ్లించారు. రెండో గుంపును కూడా ఊరికే వదిలేయలేదు. అన్నే సార్లు కలిసి స్నేహంగా కబుర్లు చెప్పారు, ఆటలాడారు. చివరకు తిండి మార్చినవారిలో 32 శాతం మంది లక్షణాలు దాదాపు తొలగిపోయిన స్థితికి చేరగా, కబుర్లు చెప్పినవారిలో 8 శాతం మంది చేరారు.

ఈ అంకెను చూసి సంబరపడేవారు రెండు సంగతులను మరిచిపోతుంటారు. పాల్గొన్నవారిలో ఎక్కువమంది అప్పటికే మందులో, కౌన్సెలింగో, రెండూనో తీసుకుంటున్నారు. అంటే తిండి చికిత్సకు తోడుగా వచ్చిందే తప్ప బదులుగా రాలేదు. ఇక మాత్రల ప్రయోగంలో ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఏమార్చినట్టు పప్పన్నం విషయంలో ఏమార్చలేము. తాను ఏ గుంపులో ఉన్నాడో ప్రతివాడికీ తెలుసు, బాగుపడతానన్న ఆశ కూడా పని చేస్తుంది. అందువల్ల అసలు ప్రభావం ఆ అంకె చెప్పినదాని కంటే చిన్నదై ఉండవచ్చు.

మన విద్యార్థుల వయసుకు దగ్గరగా ఉన్న ప్రయోగాలు రెండున్నాయి. ఆస్ట్రేలియాలోనే 2019లో ప్రచురితమైన ఒకదానిలో 17 నుంచి 35 ఏళ్ల మధ్యవారు 76 మంది పాల్గొన్నారు. ఒక చిన్న వీడియో, కొన్ని సరుకులు, రెండు ఫోన్ పలకరింపులు ఇచ్చి, మూడు వారాలు తిండి మార్చమంటే లక్షణాలు తగ్గాయి. 2022 నాటి మరో ప్రయోగంలో 18 నుంచి 25 ఏళ్ల యువకులే 72 మంది. పన్నెండు వారాల తరువాత స్నేహపూర్వకంగా ముచ్చటించిన గుంపు కంటే తిండి మార్చిన గుంపు బాగా కోలుకుంది. మగపిల్లలు ఇలాంటి వాటికి ముందుకు రారన్న అభిప్రాయం ఉన్నచోట ఇది గమనించదగ్గది. అయితే ఇవి చిన్న ప్రయోగాలు, పైగా పరాయి వంటిళ్లలో జరిగినవి. ఇలాంటి ప్రయోగాలు పదహారింటిని, దాదాపు 46 వేల మందిని కలిపి 2019లో లెక్కగట్టినప్పుడు తేలిన ప్రభావం చిన్నదే. ఉంది, కానీ చిన్నది. ఆందోళన లక్షణాల విషయంలో అది కూడా స్పష్టంగా కనిపించలేదు.

పోషకాలను గుళికలుగా మింగితే సరిపోదా అన్న ఆలోచనకు కూడా జవాబు దొరికింది. యూరప్‌లోని నాలుగు దేశాలలో అధిక బరువు, కొద్దిపాటి దిగులు లక్షణాలు ఉన్న వెయ్యి మందికి పైగా మనుషులకు ఒక ఏడాది పాటు ఒమేగా-3, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ డి, సెలీనియం కలిపి ఇచ్చిన మూడ్‌ఫుడ్ ప్రయోగంలో కుంగుబాటు రాకుండా ఆపడంలో అవి ఉత్తుత్తి మాత్రల కంటే మెరుగ్గా పని చేయలేదు. కనుక లోపం ఉందని పరీక్షలో తేలనివారు మందుల దుకాణంలో విటమిన్ సీసా కొనే బదులు ఆ డబ్బుతో వారానికి సరిపడా గుడ్లు కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

తిండి మెదడును ఎలా తాకుతుందన్న చోట అపోహలు చిక్కగా అల్లుకున్నాయి. "ఆనందాన్నిచ్చే సెరటోనిన్ తొంభై శాతం పేగులలోనే తయారవుతుంది, కాబట్టి అరటిపండు తినండి" అన్న సలహా చాలామంది వినే ఉంటారు. మొదటి సగం నిజం. శరీరంలోని సెరటోనిన్‌లో అత్యధిక భాగం పేగులలోనే ఉంటుంది, అరటిపండులోనూ కొంత ఉంటుంది. కానీ రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గోడను సెరటోనిన్ దాటలేదు. దాని ముడిసరుకైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం దాటగలదు గానీ, అదే ద్వారం దగ్గర ఇతర అమైనో ఆమ్లాలతో తోసుకుంటూ వెళ్లాలి. పులివెందుల అరటిపండు ఎంత రుచిగా ఉన్నా ఆ లెక్కన మనసును మార్చదు. దాన్ని తినడానికి వేరే మంచి కారణాలున్నాయి. శరీరంలో దీర్ఘకాలం సన్నగా రగిలే వాపు, పేగులలోని సూక్ష్మజీవుల సమతుల్యత, మెదడు కణాల ఎదుగుదలకు తోడ్పడే ప్రోటీన్లు, ఇవి ప్రస్తుతం గట్టిగా పరిశీలనలో ఉన్న మార్గాలు. వీటిలో ఏదీ ఇంకా తుది తీర్పు పొందలేదు.

వీటికంటే సాదాసీదా మార్గం ఒకటుంది. అది మన దగ్గర అన్నిటికంటే ముఖ్యమైనదని నేను అనుకుంటాను: లోపాలు, ఆకలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 58.8 శాతం. అంటే అమ్మాయిల హాస్టల్లో ఏ బల్ల దగ్గర చూసినా సగం మందికి ఈ ఇబ్బంది ఉండే అవకాశముంది. ఐరన్ తక్కువైతే కలిగే నీరసం, ఆయాసం, చిరాకు, మతిమరుపు కుంగుబాటు వేషం వేసుకుని వస్తాయి. బీ12 విషయం ఇంకా సూటిగా ఉంటుంది. అది మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగులో తప్ప మొక్కల ఆహారంలో దొరకదు. ఇంట్లో గడ్డపెరుగు తిన్న శాకాహార విద్యార్థి హాస్టల్లో పలుచని మజ్జిగకు మారితే మిగిలిన ఆ ఒక్క దారీ సన్నగిల్లుతుంది. బీ12 బాగా తగ్గితే కాళ్లూ చేతుల తిమ్మిరితో పాటు మనసు కుంగడం కూడా వైద్య గ్రంథాలకు ఎప్పటినుంచో తెలిసిన లక్షణం. థైరాయిడ్ లోపమూ ఇలాగే ఏమారుస్తుంది. దిగులుగా ఉన్నానంటూ వచ్చిన విద్యార్థికి ఒక రక్తపరీక్ష రాయడం అందుకే వృథా కాదు.

ఆకలి మనసును ఏం చేస్తుందో చూపిన ప్రయోగం 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగింది. శరీరంలోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు తమ ఇష్టంతో ఆరు నెలలు అరకడుపుతో ఉన్నారు. వారు తిన్నది సుమారు 1,570 కిలో క్యాలరీలు, అంటే అవసరంలో దాదాపు సగం. కొన్ని వారాలకే వారు ముభావంగా మారారు, చిరాకుపడ్డారు, నలుగురితో కలవడం మానేశారు, చదువు మీద ధ్యాస పోయి వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు. వాళ్ల జీవితాలలో తిండి తప్ప మరేదీ మారలేదు. గ్రూప్స్ పరీక్షలకో పోలీసు ఉద్యోగాలకో సిద్ధమవుతూ, ఇంటి నుంచి డబ్బు అడగడానికి మొహం చెల్లక, రోజుకు ఒక పూట భోజనం, రెండు టీలతో అద్దె గదిలో గడిపే యువకుడిని చూసి "చదువు ఒత్తిడి" అని పేరు పెట్టేముందు ఆ 36 మందిని గుర్తు చేసుకోవాలి.

ఈ ప్రయోగాలలో చెప్పిన ఆహారం ఆలివ్ నూనె, సాల్మన్ చేపల పేర్లతో వినబడేసరికి అది మనకు కాని సంగతి అనిపిస్తుంది. దాని ఎముకల గూడును చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది: పొట్టు తీయని ధాన్యం, పప్పులు, ఆకుకూరలు, గింజలు, గింజల నూనె, అప్పుడప్పుడు మాంసం. రాగి సంగటి, తోటకూర పప్పు, జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ, గుగ్గిళ్లు, ఆదివారం నాటుకోడి. మొన్నటిదాకా సీమ ఇళ్ల తిండి దాదాపు ఇదే. రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే తెల్లబియ్యంలో అందులో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. చెనిక్కాయలలో నాలుగో వంతు ప్రోటీనే. అయితే దీన్ని ఆధారంగా చేసుకుని "సంగటి తింటే దిగులు పోతుంది" అనడం మళ్లీ అదే తప్పు చేయడమవుతుంది. సంగటి మీద అలాంటి ప్రయోగం ఆధారంగా నేను ఈ మాట చెప్పడం లేదు. ప్రయోగాలలో మేలు చేసిన ఆహారానికీ మన పాత తిండికీ ఉన్న పోలిక మాత్రమే చూపిస్తున్నాను.

హాస్టల్ కంచంలో ఆ పోలిక ఎందుకు చెరిగిపోయిందంటే దానికి వంటవాళ్ల బద్ధకం కారణం కాదు, లెక్క కారణం. 2020లో మొదలైన వసతి దీవెన పథకం డిగ్రీ, ఆపై చదువులవారికి ఏడాదికి 20,000 రూపాయలు నిర్ణయించింది. మూడు వందల రోజులకు పంచితే రోజుకు 67 రూపాయల లోపు. అందులో గదీ తిండీ రెండూ రావలసి వచ్చేది. నెల చివర ఖర్చు మొత్తాన్ని తిన్నవారి సంఖ్యతో భాగించి బిల్లు వేసే పద్ధతి ఉన్నచోట, బిల్లు పెరిగితే మొదట తగ్గేది కూరగాయ, తరువాత పప్పు చిక్కదనం, ఆ తరువాత పెరుగు. అన్నం మాత్రం తగ్గదు, అదే చవక. రోజుకు 2000 కిలో క్యాలరీల తిండికి ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఆ 400 గ్రాముల కూరగాయలు మూడు పూటలా కలిపినా కనబడే మెస్సును నేను చదువుకున్న రోజుల్లో చూడలేదు. ఇంకో వింత ఏమిటంటే, దేశానికి పండ్లు పంపే జిల్లా మనది. 2020 సెప్టెంబరులో దక్షిణాదిలో తొలి కిసాన్ రైలు అనంతపురం నుంచే పండ్లతో ఢిల్లీకి బయలుదేరింది. చీనీకాయలు, దానిమ్మ, బొప్పాయి రైలెక్కి వెళ్లే ఊళ్లో హాస్టల్ విద్యార్థికి వారానికొక అరటిపండు దొరికితే గొప్ప.

ఈ డబ్బులోనే చేయగలిగిన మార్పులు లేకపోలేదు. ఉగ్గానిలో పుట్నాల పొడి, చెనిక్కాయలు చేతికి తగిలేంత వేయడం, వారంలో రెండు రోజులు బజ్జీల బదులు గుగ్గిళ్లు పెట్టడం, భోజనం అయిన వెంటనే టీ ఇవ్వకుండా గంట ఆగడం (టీ ఐరన్‌ను శరీరానికి పట్టనివ్వదు, నిమ్మ, చీనీ పట్టేలా చేస్తాయి), మెస్సు వేళలను తొమ్మిది గంటల క్లాసుకు తగ్గట్టు అరగంట ముందుకు జరపడం. ఇవి కుంగుబాటుకు మందులు కావు. లోపాలు తగ్గిస్తాయి, నీరసం తగ్గిస్తాయి, ఆపై మిగిలిన దిగులు ఏదో స్పష్టంగా కనిపించేలా చేస్తాయి.

ఆ మిగిలిన దిగులు విషయంలో "సరిగా తిను, అంతా సర్దుకుంటుంది" అన్న సలహా కొన్నిసార్లు హాని చేస్తుంది. కుంగుబాటు ముదిరినవారికి ముద్ద నోట పెట్టుకోవడమే పెద్ద పని. తినకపోవడం వారి తప్పని చెబితే ఉన్న అపరాధభావానికి ఇంకొంత కలిపినట్టవుతుంది. రెండు వారాలకు మించి దిగులు, నిరాసక్తత తగ్గకపోతే వైద్యునికి చూపించాలి, వాడుతున్న మందులను తిండి మీద నమ్మకంతో ఆపకూడదు. పీహెచ్‌క్యూ పట్టికలో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించినది. దానికి సున్నా కాక మరే జవాబు వచ్చినా మొత్తం మార్కులతో పని లేకుండా అదే రోజు సహాయం అందాలి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంతా చూశాక మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: తిండి దిగులుకు చిన్న కారణమూ, చిన్న మందూ కావచ్చు గానీ, హాస్టల్లో అది అన్నిటికంటే ముందుగా కనబడే గుర్తు. దిగులు బయటికి చెప్పుకోని కుర్రవాడు కూడా కంచం ముందు దొరికిపోతాడు. చాలా మెస్సులలో ఎవరు ఏ పూట తినలేదో రాసే పుస్తకం ఉండనే ఉంటుంది, బిల్లులో ఆ పూటలు తగ్గించడం కోసం. ఊరికి వెళ్లనివాడి పేరు పక్కన వరుసగా మూడు రోజులు గీతలు పడితే, ఆ పుస్తకం నెలాఖరున గుమాస్తా చేతికి వెళ్లేదాకా ఆగకుండా, అదే సాయంత్రం వార్డెనో పక్క గది వాడో వెళ్లి "ఏంరా, అన్నం తింటివా?" అని తలుపు తట్టవచ్చు.